పట్టా ముక్క మోగించిన శనివారం

2009 అక్టోబరు 10, శనివారం, సాయంత్రం. స్థలం: అభన్‌పూర్ దాటాక ధమ్‌తరీ రోడ్డు నుంచి లోపలికి వెళ్తే వచ్చే హాస్టలు బడి, పెంకుల వసారా. హాజరైనవారు: బడి పిల్లలు, చిన్నా పెద్దా అందరూ, బడి నడిపే పెద్దావిడ, ఇద్దరు మాస్టార్లు, వంటావిడ, మా అబ్బాయి, మా మనవరాలు, పదకొండేళ్ళది, నేను. విచారణ నా మీద.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలాగే మొదలవుతుంది. నేను స్టేషన్ మాస్టరుగా చేరి ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. ఎక్కడైనా బండి పట్టాలు తప్పినా, ఎవరైనా డ్రైవరు సిగ్నల్ దాటి వచ్చినా వెళ్ళి విచారించి రాయడం నా ఉద్యోగంలో భాగం. మొదట తేదీ, తరవాత ఎవరెవరు ఉన్నారు, ఆ పైనే జరిగిన సంగతి. ఉద్యోగం అయిపోయినా రాతలో ఆ వరస పోలేదు. కాకపోతే అన్నేళ్ళలో నన్నే ఎదురుగా కూర్చోబెట్టి విచారించడం అదే మొదటిసారి. విచారించింది ముందు పన్ను ఊడిన ఎనిమిదేళ్ళ పిల్ల.

నేను ఆ బడికి ఎందుకు వెళ్ళానో ముందు చెప్పాలి.

మా అబ్బాయి ఛత్తీస్‌గఢ్‌లో, రాయ్‌పూర్ పక్కన సిల్తరాలో ఒక ఇనుము ఫ్యాక్టరీలో ఇంజనీరు. భార్య, కూతురితో రాయ్‌పూర్ మోవాలో ఉంటాడు. నేనూ మా ఆవిడా అదే ఊళ్ళో గుఢియారీలో, రైలు కూత వినబడే ఇంట్లో ఉంటాం. మనవరాలు ఇంట్లో గలగలా మాట్లాడేది. మోవాలో చదివిన బడిలో మాత్రం నోరు విప్పేది కాదు. మూడో క్లాసులో హిందీ పాఠం పైకి చదువుతుంటే దాని తెలుగు యాసకి క్లాసంతా నవ్విందట. టీచరు కూడా నవ్విందట. ఆ రోజు మూసిన నోరు మళ్ళీ తెరవలేదు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే లేచి అడగాలి కదా, ఆ అడగడం తప్పించుకోవడానికి పొద్దుట్నుంచి మంచినీళ్ళు తాగడం మానేసింది. ఇంటికొచ్చి మంటతో ఏడ్చేది, జ్వరం తెచ్చుకునేది. డాక్టరు మందు రాసి, "నీళ్ళు తాగించండి" అన్నాడు. ఇంట్లో అయితే తాగిస్తాం. బడిలో ఎవరు తాగిస్తారు?

మా కోడలు ఆఫీసులో ఎవరో చెప్పగా ఈ బడి సంగతి తెలుసుకుంది. పిల్లలు అక్కడే ఉంటారు, కొట్టడం తిట్టడం లేదు, పరీక్షల్లేవు, క్లాసుకి వెళ్ళడం కూడా పిల్లల ఇష్టమే. "అది బడేటి? పిక్నిక్కా?" అన్నాడు మా వాడు. చివరికి దీపావళి దాకా చూద్దాం అన్న ఒప్పందం మీద జూన్‌లో చేర్పించారు. దీపావళి ఇంకో వారం ఉందనగా మా వాడు నా దగ్గరికొచ్చాడు.

"నాన్నా, నీ కోడలేమో మెత్తన. నేనేమో కోపిష్టిని. నువ్వైతే ఉన్నది ఉన్నట్టు చూస్తావు. రెండు రోజులు అక్కడ ఉండి రా. దీపావళి తరవాత పంపించమంటే పంపిస్తా, వద్దంటే మాన్పిస్తా."

"నేను చెప్పాక మళ్ళీ వాదించకూడదు రా."

"వాదించను. పక్కా."

ఆ సంగతి మనవరాలికి కూడా చెప్పారు. నేను ఎందుకు వస్తున్నానో దానికి బాగా తెలుసు.

శుక్రవారం పొద్దున రాయ్‌పూర్‌లో చిన్న బండి ఎక్కాను. సన్న పట్టాల మీద, మనిషి పరిగెత్తి ఎక్కగలిగే వేగంతో పోయే బండి అది. అభన్‌పూర్‌లో దిగి టెంపోలో బడికి చేరాను. మనవరాలు మోచేతుల దాకా మట్టితో ఎదురొచ్చింది.

"తాతా, ముట్టుకోకు. నీ చొక్కా తెలుపు."

అదీ ఇంకో ఇద్దరు ఆడపిల్లలూ కలిసి తమకోసం ఒక మట్టి గది కట్టుకుంటున్నారు. జూలైలో ఒక గోడ వానకి కూలిందట, ఆగస్టులో ఇంకోటి. మూడోసారి కట్టింది నిలబడింది. నడుమెత్తు గోడ, ఇంకా పైకప్పు లేదు. నేను చుట్టూ తిరిగి చూశాను.

"ఈ మూల వంకరగా ఉందే."

"తెలుసు తాతా. అందులో పిల్లి పడుకుంటుంది. దానికి అలాగే బాగుందట."

బడి నడిపే పెద్దావిడని అందరూ దీదీ అంటారు. టైమ్‌టేబుల్ చూపించమని అడిగాను. ఆవిడ గోడ మీద ఒక కాగితం చూపించింది. ఏ మాస్టారు ఏ పూట ఏ చెట్టు కింద ఉంటారో అందులో ఉంది. ఎవరు రావాలో మాత్రం లేదు.

"ఎవరొస్తారమ్మా?" అన్నాను.

"రావాలనుకున్నవాళ్ళు, దాదాజీ."

"రాకపోతే?"

"రారు."

నిమిషం ఆలస్యానికి సంజాయిషీ రాయించుకున్న ఉద్యోగం నాది. ఇక్కడ నియమాలు బాగా తక్కువనీ, ఉన్నవి కూడా పిల్లలూ పెద్దలూ శనివారం బైఠక్‌లో, అంటే అందరూ కలిసే సమావేశంలో, కూర్చుని చేతులెత్తి పెట్టుకున్నవేననీ ఆవిడే చెప్పింది. బైఠక్‌లో దీదీకీ ఒకటే చెయ్యి, ఆరేళ్ళ పిల్లకీ ఒకటే చెయ్యి.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఏడో ఎక్కం అడిగాను. "సాత్ ఏకమ్ సాత్" అని హుషారుగా మొదలుపెట్టింది. "సాత్ చౌకే" దగ్గర ఆగింది. ఆకాశం వంక చూసింది. నా వంక చూసింది.

"రాదు తాతా."

"జూన్ నుంచి లెక్కల మాస్టారి దగ్గరకి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"వెళ్ళలేదు."

"ఒక్కసారైనా?"

"ఒకసారి వెళ్ళాను. నిచ్చెన అడగడానికి."

ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను: ఆరోగ్యం బాగు, ఆకలి బాగు, నిద్ర బాగు, లెక్కలు శూన్యం. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే ఈ పిల్ల ఏ బడిలోనూ కుదురుకోలేదనిపించింది. మాన్పించమనే చెబుదామని మనసులో ముప్పాతిక వంతు అనేసుకున్నాను.

ఆ బడిలో నాకు అర్థమైన వస్తువు ఒక్కటే ఉంది. ముందరి ఇప్పచెట్టు కొమ్మకి జానెడు బారున రైలు పట్టా ముక్క వేలాడుతోంది, పక్కనే తాడుకి ఒక బోల్టు. చిన్న స్టేషన్లన్నిట్లో మా గంట అదే. దాన్ని కొట్టే నేను ఉద్యోగం మొదలుపెట్టాను. మొదటిరోజే దాన్ని చూసి, పోనీలే, ఇక్కడ కూడా గంట అంటూ ఒకటి ఉంది అనుకున్నాను. ఎందుకుందో మాత్రం అడగలేదు. పట్టా ముక్క ఎందుకుందని రైల్వే మనిషి ఎవరినైనా అడుగుతాడా?

శనివారం పొద్దున నా అలవాటు ప్రకారం చీకటితోనే లేచి, స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని వసారాలో కూర్చున్నాను. తెల్లగా తెల్లారింది. వంటింట్లోంచి పొగ తప్ప ఎక్కడా అలికిడి లేదు. ఆరయింది. ఇంతమంది పిల్లలు, ఒక్కరూ లేవరేమిటి అనిపించింది. లేచి వెళ్ళి, బోల్టు తీసి, పట్టా ముక్కని బండి బయలుదేరిందని చెప్పే పద్ధతిలో గట్టిగా మోగించాను.

ఆ తరవాత జరిగింది నేను జీవితంలో మరిచిపోను. పిల్లలు పడుకునే నాలుగు ఇళ్ళ తలుపులూ ఒక్కసారి తెరుచుకున్నాయి. పిల్లలు చెప్పుల్లేకుండా బయటికి పరిగెత్తారు. ఎవరూ అరవలేదు. ప్రతి పెద్దపిల్లా ఒక చిన్నపిల్ల చెయ్యి పట్టుకుని ఉంది. అందరూ చెట్టుకి దూరంగా, ఖాళీ జాగాలో బారులుగా నిలబడి ఒకర్నొకరు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. వంటావిడ పొయ్యిలో మండుతున్న కట్టెలు లాగి నీళ్ళు పోసింది. ఒక మాస్టారు లుంగీ మీదే కర్ర పట్టుకుని వచ్చాడు. దీదీ బకెట్టుతో వచ్చింది.

"ఒకరు తక్కువ!" అని ఎవరో అన్నారు.

తక్కువైంది మా మనవరాలు. అంతలో చెరువు వైపు నుంచి అది పరిగెత్తుకుంటూ వచ్చింది, ఒక కాలు కుంటుతూ.

"తాలాబ్ దగ్గర ఎవరూ లేరు!" అని హిందీలో గట్టిగా అరిచింది. "మెట్ల మీద బట్టలు కూడా లేవు! అంతా చూశాను!"

అప్పుడు తెలిసింది. ఆ గంట పాము కనిపించినా, నిప్పు అంటుకున్నా, ఎవరైనా నీళ్ళలో పడినా తప్ప కొట్టరు. అది మోగితే చెరువు చూసి రావలసిన వంతు ఆ నెల మా మనవరాలిది.

"ఎవరు కొట్టారు?" అంది దీదీ.

నేను బోల్టు పైకెత్తి చూపించాను. "ఆరయింది కదా అని..."

కొందరు పెద్దపిల్లలు పకపకా నవ్వారు. ఒక చిన్నపిల్ల వెక్కి వెక్కి ఏడుస్తూ మా మనవరాలి చేతికి వేలాడింది. అది నవ్వలేదు, నన్ను ఏమీ అనలేదు. కూర్చుని కాలిలో ముల్లు తీసుకుంది.

టిఫిన్ దగ్గర పక్కకి పిలిచింది.

"తాతా, నువ్వు మధ్యాహ్నం బండికి ఇంటికి వెళ్ళిపో."

"ఏం? మీ నాన్న సాయంత్రం వస్తానన్నాడు కదా."

"ఇది బైఠక్‌లోకి వస్తుంది. ఇక్కడ ఎవర్నీ వదలరు. దీదీ చేత కూడా ఒకసారి గిన్నెలు తోమించారు. నువ్వు కూర్చోలేవు. నీకు కోపం వస్తుంది. కోపం వస్తే నన్ను మాన్పించేస్తావు."

"ఎవరు తెస్తారు బైఠక్‌లోకి?"

"నేనే," అంది.

నా విచారణల్లో పారిపోయినవాళ్ళని చూశాను. అందుకని ఉంటానని చెప్పాను. అది తల ఊపి వెళ్ళిపోయింది, కుంటుతూనే.

బైఠక్ మొదలయ్యేసరికి మా వాడు వచ్చాడు. వసారాలో చాపలు పరిచి అందరం గుండ్రంగా కూర్చున్నాం. అధ్యక్షత పన్ను ఊడిన పిల్లది. మాటలన్నీ హిందీలోనూ ఛత్తీస్‌గఢీలోనూ నడిచాయి, నేను తెలుగులో రాసుకున్నాను. ఛత్తీస్‌గఢీలో తాతని బబా అంటారు, పిల్లలందరూ నన్ను అలాగే పిలిచారు. పోయిన సబ్బు, కోసుకు తిన్న పచ్చి జామకాయలు అయ్యాక ఆ పిల్ల అడిగింది, ఇంకా ఎవరికైనా చెప్పేదుందా అని. మా మనవరాలు చెయ్యెత్తింది.

"పొద్దున బబా గంట కొట్టారు. ఏ ప్రమాదమూ లేదు. చిన్నది పొద్దుట్నుంచి నా చెయ్యి వదలట్లేదు. కంప్లైంటు పెడుతున్నాను."

మా వాడు చెయ్యెత్తకుండా తెలుగులో అందుకున్నాడు. "ఏటే నువ్వు! తాత మీద కంప్లైంటా? ఇదేనా ఇక్కడ నేర్చుకున్నది? సిగ్గుందా?"

అధ్యక్షురాలు కళ్ళు పెద్దవి చేసింది. "అంకుల్, చెయ్యెత్తాలి. అందరికీ తెలిసే మాటల్లో చెప్పాలి. దీదీ, ఏమన్నారు?"

దీదీ తనకి రాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. అందరూ మా మనవరాలి వంక చూశారు. అది లేచి నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మా నాన్న అంటున్నారు, 'తాత మీద కంప్లైంటు పెట్టావు, ఇదేనా నేర్చుకున్నది, నీకు సిగ్గుందా' అని." ఒక క్షణం ఆగింది. "'ఏటే నువ్వు' అని కూడా అన్నారు. దానికి హిందీ లేదు."

వసారా అంతా గొల్లుమంది. దాని హిందీలో అదే తెలుగు యాస. ఒకప్పుడు ఇలాంటి నవ్వుకే నోరు మూసేసింది, ఇప్పుడు మూయలేదు. నవ్వు తగ్గేదాకా నిలబడి, తరవాత వాళ్ళ నాన్న వైపు తిరిగి హిందీలోనే జవాబు చెప్పింది.

"గంట ఆరు గంటలకి కూడా మోగితే, రేపు నిజంగా పాము వచ్చినప్పుడు మోగినా చిన్నది ఆరయిందిలే అనుకుని దుప్పటి కప్పుకుంటుంది. అందుకే పెట్టాను. ఇంకెవరు కొట్టినా పెట్టేదాన్నే."

నేను ఎంతమంది కొత్త స్టేషన్ మాస్టర్లకి పాఠం చెప్పానో. ఒక సిగ్నల్‌కి ఒకటే అర్థం ఉండాలి, రెండోది ఉంటే బండ్లు గుద్దుకుంటాయి. అందులో మొదటి పాఠం అదే.

"బబా, మీరు చెప్పండి," అంది అధ్యక్షురాలు.

నేను చెయ్యెత్తి, లేచి, వరసగా చెప్పాను. గంట ఎందుకుందో అడగలేదు. నా అలవాటుని మీ అలవాటు అనుకున్నాను. కంప్లైంటు సరైనదే.

"మీ స్టేషన్లో కూడా అందరూ నిద్రపోతే గంట కొట్టేవారా?" అని ఒక కుర్రాడు అడిగాడు.

"మా స్టేషన్లో నిద్రపోతే ఉద్యోగం పోయేది."

"బబా మనల్నందరినీ ధమ్‌తరీ బండి ఎక్కిద్దామనుకున్నారు!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. మళ్ళీ నవ్వులు.

ఇక శిక్ష. గిన్నెలు తోమించాలని ఒకరన్నారు. వంటావిడ వెంటనే చెయ్యెత్తింది. "వద్దు తల్లీ, ఆ కొట్టుడు నా గిన్నెల మీద పడితే సొట్టలు పడతాయి." అప్పుడు పొద్దున ఏడ్చిన చిన్నపిల్ల మా మనవరాలి ఒళ్ళోంచే చెయ్యెత్తి అంది: "రేపు టిఫిన్‌కి పిలిచే దాకా బబా మంచం దిగకూడదు."

చేతులన్నీ లేచాయి. దీదీ చెయ్యి కూడా లేచింది.

"స్నానం?" అన్నాను.

"వద్దు," అంది అధ్యక్షురాలు.

"డైరీ?"

పక్కపిల్లలతో గుసగుసలాడి, "పడుకుని రాసుకోవచ్చు. ఒప్పుకుంటారా?" అంది.

ఒప్పుకున్నాను. మా మనవరాలు కూడా చెయ్యెత్తిందా లేదా అని చూశాను. ఎత్తింది. మా వాడు మాత్రం మొహం ముడుచుకుని బయటికి నడిచాడు. కారు దగ్గర నన్ను పట్టుకున్నాడు.

"నిన్ను దోషిలా కూర్చోబెడితే నువ్వు నవ్వుతున్నావేటి నాన్నా? బస్, చాలు. రేపు పొద్దున్నే వస్తాను. దాని పెట్టె సర్దించు."

"నేనింకా ఏమీ చెప్పలేదు కదరా."

"చెప్పడానికి ఇంకేటుంది?" అని వెళ్ళిపోయాడు.

మనవరాలు గుమ్మంలోంచి అంతా వింది. నేను వెనక్కి వచ్చి వసారా మెట్టు మీద కూర్చోగానే పక్కన కూర్చుంది.

"తాతా, నువ్వు వద్దంటే వెళ్ళిపోతాను. గొడవ చెయ్యను. కాని కంప్లైంటు మాత్రం వెనక్కి తీసుకోను."

"తీసుకోమన్నానా?"

"అనలేదు. ముందే చెప్తున్నాను."

మర్నాడు ఆదివారం. మెలకువ ఎప్పటిలాగే చీకటితోనే వచ్చింది. కళ్ళు తెరిచి పెంకుల వంక చూస్తూ పడుకున్నాను. నడుం నొప్పి పుట్టింది. తెల్లారాక కిటికీ దగ్గర ఇద్దరు చిన్నపిల్లలు కాపలాకొచ్చారు. నేను ఒక కాలు కిందకి దించగానే "బబా!" అని అరిచేవారు. మళ్ళీ పైకి పెట్టుకునేవాణ్ణి. ఒక్కొక్క పిల్లా తనంతట తనే లేచి, ముఖం కడుక్కుని, ఎవరి పనికి వాళ్ళు వెళ్ళడం పడుకునే విన్నాను. ఎవరూ ఎవర్నీ లేపలేదు.

మా వాడు వచ్చేసరికి ఎండ మంచం మీదకి వచ్చింది. నన్ను చూసి గాభరా పడ్డాడు.

"ఏటైంది నాన్నా? జ్వరమా?"

"శిక్ష రా. టిఫిన్ దాకా దిగకూడదు. కూర్చో."

వాడు కూర్చోలేదు. మంచం చుట్టూ తిరిగాడు. "పెట్టె సర్దిందా?"

"సర్దించలేదు. దీపావళి తరవాత ఇక్కడికే పంపించు. అదే నా మాట. వాదించనన్నావు."

"ఎక్కాలు రావు కదా దానికి! నువ్వు అడిగావా?"

"అడిగాను. ఏడో ఎక్కం సగం కూడా రాదు. అదీ రాసుకున్నాను. శనివారాలు నేను చిన్న బండిలో వచ్చి కూర్చుంటాను, అది వస్తే ఎక్కాలు చెప్తాను."

"వస్తేనా?"

"వస్తేనే. ఇక్కడ అంతే."

వాడు కిటికీ దగ్గర నిలబడ్డాడు. కాపలా పిల్లలు వాణ్ణి ఎగాదిగా చూశారు. దూరంగా మట్టి గది దగ్గర వాడి కూతురు ఎవరితోనో చేతులు తిప్పుతూ పోట్లాడుతోంది, గొంతు ఇక్కడిదాకా వస్తోంది. వాడు చాలాసేపు అటే చూశాడు.

"నా తిట్లు అందరి ముందూ హిందీలో చెప్పింది నాన్నా," అన్నాడు. "ఒక్క ముక్క వదల్లేదు."

"'ఏటే నువ్వు'కి హిందీ లేదని కూడా చెప్పింది."

వాడు నవ్వాపుకోవడానికి మూతి బిగించాడు, ఆగలేదు. అంతలో వంటావిడ పిలిచింది. నేను మంచం దిగాను, కాపలా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ రోజు చీలా, టమాటా పచ్చడి. చీలా అంటే బియ్యప్పిండితో పోసే అట్టు. మా వాడు కూడా పళ్ళెం పట్టుకుని పిల్లల వరసలో నిలబడ్డాడు. ముందున్న పిల్ల వెనక్కి తిరిగి, తిన్నాక ఎవరి పళ్ళెం వాళ్ళే కడుక్కోవాలని చెప్పింది. సరే అన్నాడు. వాడి జేబులో ఫోన్ మోగింది. మా కోడలు.

"లేదు, పెట్టె తేవట్లేదు," అన్నాడు. "పండక్కి ఇంటికొచ్చి వెళ్ళడానికి రెండు జతల బట్టలు చాలట. ఆగు, అట్టు వేస్తున్నారు."